పావు డబ్బా తెలుపు

ఆదోనిలో, నీళ్ల ట్యాంకు ఎదురుగోడ మీద
ఉరుకుందు మేస్త్రి ఒక కొళాయి బొమ్మ వేసినాడు.
కాళ్లూ చేతులూ ఉన్న కొళాయి.
నెత్తిన తిప్పుడు పిడి, పిలక మాదిరి.
ముక్కు కొసన ఒక చుక్క.
'నీటిని కాపాడుదాం' అని కింద నీలం అక్షరాలు,
ఆ కిందనే మూలన, చిన్నగా, వంకరగా
'ఉరుకుందు ఆర్ట్స్'.

నిచ్చెన పట్టుకున్నది నేను.
కుడికన్ను నిండుగా వచ్చింది.
ఎడమకన్ను సగంలో ఉండగా
తెల్లరంగు అయిపోయింది.
ఇంకో పావు డబ్బా అడిగితే కాంట్రాక్టరు
'చాల్లేప్పా, కొళాయికి రెండు కండ్లెందుకు' అన్నాడు.
మేస్త్రి నవ్వలేదు.
ఉన్న నలుపుతోనే రెప్ప వాల్చేసి
కిందికి దిగినాడు.

అట్లా పుట్టింది ఆ చూపు.
నిద్రపోతున్నట్టూ కాదు, మేలుకున్నట్టూ కాదు.
అంతా తెలిసి, ఇంక ఏమీ అడగని చూపు.

ఆరేండ్లు దాన్ని ఎవరూ చూడలేదు.
పత్తి లారీలు రాసుకుంటా పోయినాయి.
పోస్టర్లు అంటించినారు, పీకినారు.
కొళాయి నడుము మీద ఎవరో ట్యూషన్ నంబరు రాసినారు.
ఈలోగా నేను నిచ్చెన వదిలి
ఫ్లెక్సీ మిషను కొనుక్కున్నా.
ఆ సంగతి చెప్పను మేస్త్రి ఇంటికి పోయి
చెప్పకుండానే టీ తాగి వచ్చినా.

పోయిన ఎండాకాలం, పదకొండో దినం కూడా నీళ్లు రాక
బిందెల వరుసలో నిలబడి, ఊరికే,
ఫోను తీసి ఫోటో కొట్టినా.
మీద ఒక ముక్క రాసినా:
'వస్తా అన్నా గదప్పా. ఎప్పుడని అన్నానా?'
వీధి గ్రూపులో వేసి
బిందె ముందుకు జరుపుకున్నా.

బిందె నిండలేదు. బొమ్మ పొంగింది.

తెల్లారేసరికి ఎమ్మిగనూరు నుంచి మా బావ
'చూసినావా ఇది' అని నాకే పంపినాడు.
మూడోనాటికి కొళాయి డిగ్రీ ఫెయిలయింది.
పిల్లను చూడను పోయి ఉప్మా తిని వచ్చింది.
ఐదు వికెట్లు పడినాక టీవీ ముందు కూచుంది.
జీతం పడిన సాయంత్రమే బ్యాంకు మెసేజి చదివింది.
కన్నడంలో మాట్లాడింది, బళ్లారి దాటి
నాకు చదవరాని లిపుల్లో మాట్లాడింది.
ఎవరో కళ్లద్దాలు పెట్టినారు, ఎవరో టై కట్టినారు,
ఎవరో ఆ రెప్పను కదిలించినారు:
మెల్లగా మూసుకుని, మళ్లీ సగమే తెరుచుకునేట్టు.
'శుభోదయం' పువ్వుల నడుమ కూడా అదే మొగం.

నీళ్ల సంగతి ఎవరికీ గుర్తులేదు.
మున్సిపాలిటీ వాళ్లకు గుర్తొచ్చింది.
ఒక రాత్రి వచ్చి గోడకు సున్నం కొట్టించినారు.
ఆరేండ్ల కింద దొరకని తెలుపు
ఆపొద్దు డ్రమ్ముల్లో వచ్చింది.

మేస్త్రికి చూపించింది ఆయన మనవరాలు నాగవేణి.
ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి
'నా కొళాయే. కాళ్లేవి?' అన్నాడంట.
కాళ్లు లేవు. నీలం అక్షరాలు లేవు. మూల లేదు.
చతురస్రంలో పట్టలేదని కత్తిరించింది నేనే.
కత్తిరించే ముందు ఆ పేరు చదివినా కూడా.

మొన్న, నీళ్లు అమ్మే హనుమేశు అంగడికొచ్చి
'ఆ ఫోను కొళాయిని నా ట్యాంకరు వెనక వెయ్యల్ల.
ఫ్లెక్సీ వద్దు, ఎండకు పేలిపోతాది. రంగే' అన్నాడు.
మేస్త్రిని పిలుచుకొచ్చినా.
తెలుపు రెండు డబ్బాలు తెచ్చినా.

ఎడమకన్ను వేసినాడు. తుడిచినాడు.
మళ్లీ వేసినాడు, కిరసనాయిలు గుడ్డ నల్లగయింది.
హనుమేశు ఫోను పక్కన పెట్టి పోల్చి
'ఇట్లా లేదబ్బా, అసలుది వేరే' అన్నాడు.

మేస్త్రి కుంచె ఆపి, నా దిక్కు తిరక్కుండానే
'ఆ డబ్బాకు మూత పెట్రా' అన్నాడు.
'తెలుపు కనపడతాంటే
చెయ్యి సగంలో నిలవదు.'

మూత పెట్టినా. లారీ చాటుకు తీసి పెట్టినా.
వచ్చి నిచ్చెన పట్టుకుని,
మడ్‌గార్డు పైన, కుడిమూలన
ఎంత చోటుందో జానతో కొలుచుకున్నా.